ఆటయంత్రముల పోటీ - అమ్మకపు లెక్కలు

వీడియో ఆటలాడు యువకులు నలుగురు కూడినచోట తప్పక వినవచ్చు వివాదమొకటి కలదు. సోనీవారి ప్లేస్టేషన్ గొప్పదా, మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్స్ గొప్పదా, నింటెండోవారి స్విచ్ గొప్పదా అన్నదే ఆ వివాదము. సంక్రాంతినాటి కోడిపందెపు బరివద్ద వలెనే ఇచ్చటను పక్షములుండును, పంతములుండును. వాదము ముదిరినకొలది ఆటల మాట వెనుకబడి అంకెలు ముందునకు వచ్చును. "మా యంత్రము ఇన్ని కోట్లు అమ్ముడుపోయినది, మీది అందులో సగమైనను లేదు" అని ఒక పక్షమువారు గెలిచితిమనుకొందురు. ఆ కంపెనీల లాభములో వీరికి చిల్లిగవ్వ వాటా లేదు. అయినను ఆ అంకెలపై ఇంత మమకారమేల? ఆ అంకెలు నిజముగా చెప్పునదేమి? ఇంటికొక యంత్రమును కొనదలచిన తల్లిదండ్రులు వాటిని ఎంతవరకు నమ్మవచ్చును?

మేమును ఈ ఆటలను చిరకాలముగా ఆడుచున్నవారమే. మాకును ఇష్టానిష్టములు కలవు, వాటిని దాచబోము. మా అభిప్రాయమును ముందుగనే మనవిచేసెదము. అమ్మకపు అంకె యంత్రముయొక్క ఆయుర్దాయమును తెలుపును గాని, ఆటలోని రుచిని తెలుపదు. ఈ రెండింటిని కలగాపులగము చేయుటవలననే వివాదము తెగకున్నది.

ఇంట రేడియో ఉన్నవారికి ఈ సంగతి ఒక పోలికతో సులభముగా బోధపడును. రేడియో సెట్టు ఏ కంపెనీవారు చేసినదైనను, మన ఊరికి అందు కేంద్రములన్నియు అందులో వినబడును. సెట్టు మార్చినంతమాత్రమున కార్యక్రమము మారదు. ఒకవేళ ఒక్కొక్క కంపెనీవారి సెట్టులో ఆ కంపెనీతో ఒప్పందము గల కేంద్రములు మాత్రమే వినబడునట్లయినచో ఏమగును? పొరుగింటివారు హరికథ వినుచుండగా, అంతకంటె ఎక్కువ ఖరీదు పెట్టి కొనిన మన సెట్టు మూగపోవును. అప్పుడు సెట్టు కొనువారందరును ముందుగా అడుగు ప్రశ్న, "ఈ సెట్టును ఊరిలో ఎందరు కొనిరి?" అనియే. ఏలయన, వినువారు లేని కేంద్రము ఎక్కువ కాలము నడువదు. టెలివిజనుకు తగిలించి ఆడు ఈ యంత్రముల స్థితి సరిగా ఇట్టిదే. వీటినే కన్సోలు అందురు. ఒక కన్సోలు కొరకు చేసిన ఆట మరియొక కన్సోలుపై ఆడదు. ఒకే ఆటను పలు యంత్రములకు వేరువేరుగా తయారుచేయుట కలదు గాని, కొన్ని పేరుమోసిన ఆటలు ఒక్క యంత్రమునకే పరిమితమై యుండును.

ఇందులో వ్యాపారపు కీలకమొకటి యున్నది. కన్సోలు కంపెనీలకు యంత్రము అమ్మినందువలన కలుగు లాభము స్వల్పము; ఒక్కొక్కప్పుడు నష్టమే. 2006లో సోనీవారు ప్లేస్టేషన్ 3ను అమెరికాలో 499, 599 డాలర్ల ధరలకు విడుదల చేసిరి. అంత ధర పెట్టినను, యంత్రమును తయారుచేయుటకు అయిన ఖర్చు అంతకంటె ఎక్కువే. ఆ లోటును పూడ్చునవి ఆటలు. ఇతర సంస్థలు ఆ యంత్రము కొరకు ఆటను చేసి అమ్మిన ప్రతిసారియు యంత్రపు యజమానికి కొంత రుసుము చెల్లింతురు. అట్టి సంస్థలవారు ఆటకు పూనుకొనుటకు ముందు లెక్కించునది ఆ యంత్రము ఎన్ని ఇండ్లలో నున్నదన్న సంగతి. ఒక పెద్ద ఆటకు వందలమంది పనివారు ఏండ్ల తరబడి శ్రమింపవలసియుండును గదా! ఆటలు లేనిచో జనులు యంత్రమును కొనరు. యంత్రములు ఇండ్లలో లేనిచో ఆటలు పుట్టవు. చెట్టు ముందా, విత్తు ముందా అన్న చిక్కే ఇదియును. అమ్మకపు అంకెకు విలువ వచ్చినది ఇందుచేతనే.

అట్లయినచో అధికముగా అమ్ముడుపోయిన యంత్రమే మేలైనదనరాదా? అనరాదు. అంకె పెరుగుటకు కారణములు వేరు.

1989లో నింటెండోవారు చేతపట్టుకొని ఆడు గేమ్‌బాయ్ అను చిన్న యంత్రమును వెలువరించిరి. దాని తెర రంగులు లేనిది. వెలుతురు లేనిచోట బొమ్మ కానరాదు. మరుసటి ఏడు సేగావారు గేమ్ గేర్ అను యంత్రమును తెచ్చిరి. దానికి రంగుల తెరయు, తెర వెనుక దీపమును ఉండెను. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు గేమ్ గేరునే మెచ్చుకొందురు. కాని గేమ్‌బాయ్ నాలుగు చిన్న బ్యాటరీలతో పది గంటలకు మించి ఆడగా, గేమ్ గేరు ఆరు బ్యాటరీలను అయిదు గంటలలోపుగనే తినివేసెడిది. అమెరికాలో గేమ్‌బాయ్ వెల 90 డాలర్లు, గేమ్ గేరు వెల 150 డాలర్లు. పైగా అచ్చట గేమ్‌బాయ్‌తోపాటు టెట్రిస్ అను ఆటను జతచేసి ఇచ్చిరి. పడుచున్న బిళ్లలను వరుసగా పేర్చు ఆ ఆటకు రంగులతో పనియే లేదు. పిల్లలును పెద్దలును కూడ దానికి అలవాటుపడిరి. గేమ్‌బాయ్, దాని తరువాతి రంగుల రూపముతో కలిసి 11 కోట్ల 86 లక్షలు అమ్ముడుపోయినది. గేమ్ గేరు ఒక కోటి దగ్గరనే ఆగిపోయినది. గేమ్‌బాయ్‌ను రూపొందించినవారిలో ముఖ్యుడైన గుంపేయ్ యోకోయి, పాతబడి చవుకయైన సాంకేతికమునే క్రొత్త విధముగా వాడుకొనవలెనని నమ్మినవాడు. ఆయన నమ్మిక ఇచ్చట ఫలించినది.

తరువాతి పోరు 1994లో జపానులో మొదలైనది. సేగావారి శాటర్న్ నవంబరులోను, సోనీవారి మొదటి ప్లేస్టేషన్ డిసెంబరు 3వ తేదీనను బజారుకు వచ్చినవి. సోనీవారు ఈ రంగమున దిగుటయే ఒక చిత్రము. అంతకుముందు వారు నింటెండోవారితో కలిసి సీడీతో నడుచు యంత్రమును చేయదలచిరి. 1991లో సోనీవారు ఆ సంగతిని బహిరంగముగా ప్రకటించిన మరునాడే, నింటెండోవారు ఫిలిప్స్ సంస్థతో చేయి కలుపుచున్నామని వెల్లడించిరి. సోనీలో కెన్ కుటరాగి అను ఇంజనీరు పట్టువిడువక స్వంతముగ యంత్రమును సాధించెను. 1995 మే నెలలో అమెరికాలో జరిగిన ప్రదర్శనలో సేగావారు శాటర్న్‌ను అనుకున్నదానికంటె నెలల ముందుగా 399 డాలర్లకు అంగళ్లలో పెట్టితిమని ప్రకటించిరి. అదే ప్రదర్శనలో సోనీవారి ప్రతినిధి వేదికనెక్కి "299" అని ధర మాత్రము చెప్పి దిగిపోయెను. తొందరపడిన సేగావారికి ఆటలు సిద్ధముగా లేకపోయెను. సరుకు అందని వర్తకులు కొందరు అలిగిరి.

ఇక నింటెండోవారు 1996లో నింటెండో 64ను తెచ్చినపుడు సీడీని కాదని ఖరీదైన కార్ట్రిజ్‌నే నమ్ముకొనిరి. సీడీలో ఎక్కువ బొమ్మలును, సంగీతమును పట్టును, తయారీ చవుక. అందుచేత అదివరకు నింటెండోకే ఆటలు చేయుచుండిన స్క్వేర్ సంస్థవారు తమ ఫైనల్ ఫాంటసీ ఏడవ ఆటను 1997లో ప్లేస్టేషనుకు చేసిరి. ఒకరి వెనుక ఒకరుగా ఇతరులును అటే నడచిరి. ప్లేస్టేషన్ 10 కోట్ల 24 లక్షలు, నింటెండో 64 మూడు కోట్ల 29 లక్షలు అమ్ముడుపోయినవి. కాని ఆ మూడు కోట్ల యంత్రమునందే సూపర్ మారియో 64, 1998లో వచ్చిన జెల్డా ఒకరీనా ఆఫ్ టైమ్ అను ఆటలు పుట్టినవి. మూడు కొలతలుగల లోకమున ఆటగాడు ఎట్లు నడువవలెను, చూపు ఎట్లు త్రిప్పవలెను అన్నది తరువాతివారు చాలమంది వీటినుండియే నేర్చుకొనిరి. ఓడిన యంత్రమని వాటిని ఆడనివాడు నష్టపోయినవాడని మా దృఢాభిప్రాయము.

అంకె చిన్నదైనచో కలుగు కష్టమునకు తార్కాణము సేగావారి డ్రీమ్‌కాస్ట్. 1998లో జపానులోను, 1999 సెప్టెంబరు 9న అమెరికాలోను వచ్చిన ఈ యంత్రము మాకు మిక్కిలి ఇష్టమైనది. టెలిఫోను తీగద్వారా దూరమున నున్నవారితో ఆడుటకు తగిన మోడెమ్ అందులోనే అమర్చబడియుండెను. సోల్ కాలిబర్, షెన్మూ వంటి ఆటలు నాటికి అబ్బురములు. వెల 199 డాలర్లే. కాని శాటర్న్ నాటి చేదును మరువని కొనుగోలుదారులు వెనుకాడిరి. సోనీవారి రెండవ ప్లేస్టేషన్ రాబోవుచున్నదను వార్తతో మరికొందరు ఆగిరి. క్రీడల ఆటలకు పేరుగన్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థవారు దీనికి ఒక్క ఆటనైనను చేయరైరి. అంగట్లో అన్నీ ఉన్నవి, అల్లుని నోట శని అన్నట్లయినది. సంస్థ అధిపతి ఇసావో ఒకావా తన స్వంత ఆస్తిలోని పెద్ద మొత్తమును సంస్థకు విడిచిపెట్టినను యంత్రము నిలువలేదు. 2001 జనవరి 31న సేగావారు ఇక డ్రీమ్‌కాస్ట్‌ను చేయబోమని ప్రకటించిరి. 91 లక్షల యంత్రములు అమ్ముడుపోయినవి. ఆ 91 లక్షల ఇండ్లవారు డబ్బు పెట్టి కొనినదాని బాట రెండు మూడేండ్లలోనే మూసుకొనిపోయినది. యంత్రము చెడిపోలేదు, ఆటలు చెడ్డవి కావు. క్రొత్త ఆటలు రావు, అంతియే. కేంద్రము మూతపడిన సెట్టువంటి దయ్యెను.

దీనికి ఎదురు దృష్టాంతము ప్లేస్టేషన్ 2. 2000 మార్చిలో వచ్చిన ఈ యంత్రము డీవీడీ సినిమాలను గూడ చూపెడిది. పాత ప్లేస్టేషన్ ఆటలు దీనిపైన ఆడెడివి. ఇది 16 కోట్లకు పైగా అమ్ముడుపోయి, ఇంటి కన్సోలులలో నేటికిని ప్రథమస్థానమున నున్నది. మన తెలుగునాటికి దీనితో ఒక సంబంధము గలదు. 2009లో, అనగా యంత్రము వెలువడిన తొమ్మిదేండ్లకు, హైదరాబాదునందలి అరోనా టెక్నాలజీస్ సంస్థవారు చేసిన హనుమాన్ ఆట ఈ యంత్రమునకే విడుదలయైనది. పూర్తిగా మన దేశముననే తయారైన ప్లేస్టేషన్ 2 ఆటగా అది వార్తలకెక్కినది. ఆ ఆట బాగోగులు వేరే సంగతి. తొమ్మిదేండ్ల ముసలి యంత్రమునకు హైదరాబాదులో క్రొత్త ఆట పుట్టినదన్నచో, అది ఇన్ని కోట్ల ఇండ్లలో నిలిచియుండుటయే కారణము. 2012 చివరవరకు ఆ యంత్రము తయారగుచునే యుండెను. అంకెకు గల నిజమైన బలమిది.

అయితే ఈ బలము ఒకరి సొత్తు కాదు. 2006లో నింటెండోవారు వీ అను యంత్రమును తెచ్చినపుడు ఆ పేరు వినియే పలువురు నవ్విరి. శక్తిలో అది పోటీయంత్రములకు చాల తక్కువది. కాని దాని వెల 250 డాలర్లే; చేతిలోని కడ్డీని ఊపినచో తెరపై టెన్నిసు బంతి కదిలెడిది. మీటలు తెలియని తాతలు, అవ్వలు సయితము బౌలింగు ఆడిరి. నవ్విన నాపచేనే పండినది. 10 కోట్ల 16 లక్షలు అమ్ముడుపోయినది. అదే కంపెనీవారు 2012లో తెచ్చిన వీ యూ మాత్రము కోటి 35 లక్షలతో ఆగిపోయినది. అది క్రొత్త యంత్రమో, పాతదానికి తగిలించు పరికరమో గూడ చాలమందికి తెలియలేదు.

ఈ వీ యూ కథలోనే మా వాదమునకు గట్టి సాక్ష్యమున్నది. మారియో కార్ట్ 8 అను బండిపందెముల ఆట 2014లో వీ యూపై వచ్చి సుమారు 84 లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. అదే ఆటను కొద్ది చేర్పులతో 2017లో స్విచ్‌పై విడుదల చేయగా 6 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. ఆట ఒక్కటే, రుచి ఒక్కటే, చేసినవారు ఒక్కరే. మారినదెల్ల అది ఆడు యంత్రము. 15 కోట్లకు పైగా ఇండ్లకు చేరిన స్విచ్ దానిని అంతదూరము మోసికొనిపోయినది. ఇక అంకెను బట్టి ఆట మంచిచెడ్డలను ఎట్లు నిర్ణయింతుము?

అంకెలను చదువుటలోను మెలకువ కావలెను. కంపెనీలు ప్రకటించు సంఖ్య తరచుగా వర్తకులకు పంపిన సరుకు లెక్క. ఇండ్లకు చేరినది కాదు. చెడిపోయినదానికి బదులు ఒకే ఇంటివారు రెండవసారి కొనిన యంత్రమును లెక్కలోనికే వచ్చును. 2007లో మైక్రోసాఫ్టువారు ఎక్స్‌బాక్స్ 360 యంత్రములలోని లోపము కారణముగా పూచీకాలమును మూడేండ్లకు పెంచి, అందుకై నూరు కోట్ల డాలర్లకు పైగా ఖర్చు వ్రాసికొనిరి. అట్టి సంగతులు అమ్మకపు అంకెలో కనబడవు. అంకె తమకు అనుకూలముగా లేనపుడు కంపెనీలు మౌనము వహించుటయు కలదు. 2015 నుండి మైక్రోసాఫ్టువారు తమ యంత్రముల సంఖ్యను ప్రకటించుట మానివేసిరి. ఎనిమిదేండ్లు అమ్మిన యంత్రమును, ఎనిమిది నెలలు అమ్మిన యంత్రమును ఒకే త్రాసున తూచువారును గలరు. అది న్యాయము కాదు.

లెక్కకందని ఆటగాండ్ర సంగతి మన తెలుగువారికి చక్కగా తెలియును. 1990 తరువాతి కాలమున మన పట్టణములలో టెలివిజనుకు తగిలించి మారియో, కాంట్రా ఆడిన పిల్లల సంఖ్య తక్కువది కాదు. వారిలో పెక్కుమంది చేతిలో నున్నవి నింటెండోవారి ఫామికామ్ యంత్రమునకు నకళ్లు. అసలు యంత్రము కొనినవారు కారు గనుక ఆ పిల్లలెవ్వరును నింటెండోవారి 6 కోట్ల 19 లక్షల లెక్కలోనికి రారు. కాని వారి ఆనందము నకలు కాదు. అద్దెకు గంటల లెక్కన ఆడించిన దుకాణములలో ఒక్క యంత్రముపై వందమంది ఆడినను లెక్కకు వచ్చునది ఒక్కటియే.

పెద్ద అంకె శాశ్వతమైన రక్ష కూడ కాదు. 1977లో వచ్చిన అటారీ యంత్రము అమెరికాలో ఇంటింట వెలసినది. ఆ గిరాకిని చూచి ఎవరికి తోచినట్లు వారు పనికిమాలిన ఆటలను అంగళ్లలో గుమ్మరించిరి. 1983లో కొనువారికి విసుగు పుట్టి వ్యాపారమే కుప్పకూలినది. అమ్ముడుపోని సరుకును ఆ సంవత్సరమే న్యూ మెక్సికోలోని అలమొగార్డో వద్ద చెత్తగుంటలో పూడ్చిపెట్టిరి. 2014లో త్రవ్వగా ఆ కార్ట్రిజ్‌లు బయటపడినవి. ఇండ్లలో యంత్రములున్నను, ఆటలో పస లేనిచో అంకె మట్టిపాలగునని దీని పాఠము.

నేడు గోడలు కొంత పలుచబడుచున్నవి. ఒకప్పుడు మారియోకు ప్రబలశత్రువుగా నిలిచిన సేగావారి సోనిక్, సేగావారు యంత్రములు మానిన 2001లోనే నింటెండో యంత్రముపైకి వచ్చెను. 2024 నుండి మైక్రోసాఫ్టువారును తమ ఆటలను కొన్నింటిని ప్లేస్టేషన్, స్విచ్ యంత్రములకు ఇచ్చుచున్నారు. వారి ఫోర్జా హొరైజన్ 5 అను కారుపందెముల ఆట 2025 ఏప్రిలులో ప్లేస్టేషన్ 5పై విడుదలయైనది. ఇది మాకు సంతోషకరమైన మార్పు. అన్ని కేంద్రములును అన్ని సెట్టులలో వినబడుటయే శ్రోతకు మేలు. అయినను పోటీ ముగియలేదు. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 మొదటి నాలుగు దినములలోనే 35 లక్షలు అమ్ముడుపోయినది.

కాబట్టి యంత్రము కొనదలచిన గృహస్థులకు మా సలహా ఇది. అమ్మకపు అంకెను ఒక్క ప్రశ్నకు మాత్రమే వాడుకొనుడు: ఇంకను కొన్నేండ్లు దీనికి క్రొత్త ఆటలు వచ్చునా? ఇదేమంత చిన్న ప్రశ్న కాదు. 2023 మార్చిలో నింటెండోవారు వీ యూ యంత్రపు అంతర్జాల దుకాణమున అమ్మకములను మూసివేసిరి. 2024 ఏప్రిలులో దానిపై దూరస్థులతో ఆడు వసతియు ఆగిపోయినది. పాత యంత్రము చవుకగా దొరకినదని కొనువారు ఈ సంగతి మరువరాదు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన వెనుక అంకెను ప్రక్కన పెట్టి, ఇంట ఆడువారెవరు, వారికి నచ్చు ఆటలు దేనిపై గలవు, వారి స్నేహితులు దేనిపై ఆడుచున్నారు, ఒక్కొక్క ఆటకు ఎంత వెచ్చింపవలసియుండును అని విచారింపుడు. ఆటను డిస్కుగా కొనినచో స్నేహితునికి ఎరువీయవచ్చును, తిరిగి అమ్ముకొనవచ్చును. అంతర్జాలమునుండి దించుకొనినదానికి సాధారణముగా ఆ వీలుండదు. ఇంటి బడ్జెట్టున ఇదియును లెక్కకు రాదగినదే.

ఇక "మా యంత్రమే ఎక్కువ అమ్ముడుపోయినది" అని వాదించు పిల్లవానిని కసరవలదు. "నాయనా, మంచిదే. అందులో నీవు ఆడిన ఆటలలో నీకు మరపురానిది ఏది? ఎందుకు?" అని అడుగుడు. వాడు కన్నులు మెరయ ఆ ఆట కథ చెప్పసాగినచో మీరు పెట్టిన డబ్బు వృథాపోలేదన్నమాటయే.